లోథాల్ గుండ్రటి సీలు: ఒక్క రాయి సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుంది?

అహ్మదాబాద్ జిల్లాలో సరగ్‌వాలా ఊరి పక్కన ఉన్న, సింధు నాగరికత నాటి లోథాల్ దిబ్బను కేంద్ర పురావస్తు శాఖ తరఫున ఎస్.ఆర్.రావు 1955 నుంచి 1962 దాకా తవ్వించారు. అక్కడ దొరికిన సింధు సీళ్లు మనకు పుస్తకాల్లో బాగా అలవాటైన రకమే. చదరపు రాయి, దాని మీద ఒంటికొమ్ము జంతువు, పైన ఒక వరస లిపి. వాటి మధ్య ఒకటి మాత్రం పూర్తిగా వేరే జాతిది. గుండ్రంగా, చిన్న బొత్తాం ఆకారంలో ఉంటుంది. లిపి లేదు. నడుమ రెండు తలల సర్పం లాంటి వింత జంతువు, దానికి చెరో పక్క జింక లాంటి జంతువు. రావు 1963లో ‘యాంటిక్విటీ’ పత్రికలో దీన్ని ప్రకటించి, ఇది పర్షియన్ గల్ఫ్ రకం సీలు అని గుర్తించారు.

అప్పటి నుంచి ఈ రాయి మీద దాని తాహతుకు మించిన బరువు పెడుతూ వచ్చారు. లోథాల్ ఓడరేవు అనడానికీ ఇదే రుజువు, బహ్రెయిన్‌తో వ్యాపారానికీ ఇదే రుజువు, మనవాళ్ల ఓడలు మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) దాకా పోయాయనడానికీ ఇదే రుజువు. సీళ్లను నమోదు చేసి, వర్గీకరించి, పోల్చి చూసే పనిలో ఉన్నవాడిగా నాకు ఈ కేసు అంటే ఇష్టం. దూరదేశపు సీలు దొరికిందనగానే ‘వాణిజ్యం’ అని రాసేసే మన తొందరను ఇది బాగా పట్టిస్తుంది. అలాగని సాక్ష్యాన్ని కొట్టిపారేయనూ ఇవ్వదు. కింద రాసినదంతా ప్రచురితమైన ఫొటోలు, రేఖాచిత్రాలు, వర్ణనల ఆధారంగా చేసిన పరిశీలన. అసలు వస్తువును సూక్ష్మదర్శిని కింద పెట్టి రాసింది కాదు.

ముందు రెండు మాటలు విడిగా పెట్టుకుందాం. చెక్కిన రాతి పనిముట్టును సీలు అంటాను. దాన్ని మెత్తటి మట్టి మీద వత్తితే పడే గుర్తును ముద్ర అంటాను. సీలు మనిషితో పాటు ప్రయాణిస్తుంది: మెడలోనో, మొలతాడుకో, సంచిలోనో. ముద్ర సరుకుతో పాటు ప్రయాణిస్తుంది: మూట ముడి మీద, జాడీ మూత మీద, గిడ్డంగి తలుపు తాడు మీద. ఒకప్పుడు పోస్టాఫీసులో ఇన్సూర్ చేసిన పార్సిల్ ముడుల మీద లక్క పోసి బిళ్ల నొక్కేవాళ్లు కదా, అదే పని. బిళ్ల గుమాస్తా దగ్గరే ఉండిపోతుంది, లక్క పార్సిల్‌తో ఊరు దాటుతుంది. ఈ తేడాను మరిచిపోతే ఈ కేసులో ప్రతి మెట్టు దగ్గరా జారిపడతాం.

వెనక్కి తిప్పి చూస్తే

సీలు చేతికొస్తే కొత్తవాళ్లు ముందు వైపు చూస్తారు. బొమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి. నేను మొదట చూసేది వెనక వైపు, ఆ తర్వాత అంచు, ఆ తర్వాత తాడు దూర్చే రంధ్రం. బొమ్మ చివర.

కారణం ఉంది. ముందు వైపు బొమ్మ యజమాని కోరిక మీద ఆధారపడి ఉంటుంది. ఎవరిదైనా నచ్చితే కాపీ కొట్టొచ్చు, పొరుగు దేశపు దేవుణ్ణి తెచ్చి పెట్టుకోవచ్చు. వెనక వైపు ఎవరూ అడగరు. అది పనివాడి అలవాటు, ఆ కార్ఖానా సంప్రదాయం. సీలు ఏ ఊరి చేతిపనో చెప్పడానికి బొమ్మ కంటే వీపు నమ్మకమైన సాక్షి.

లోథాల్ సీలు వెనక గుండ్రటి బుడిపె ఉంది. బుడిపెకు అడ్డంగా రంధ్రం. బుడిపె మీదుగా పక్కపక్కనే మూడు గీతలు సాగుతాయి. ఆ గీతలకు ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు చుక్క పెట్టిన వృత్తాలు. ఈ అమరిక అలంకారం కోసం ఎవరికో అప్పటికప్పుడు తోచింది కాదు. కువైట్‌కు చెందిన ఫైలకా దీవిలో 1958 నుంచి డేనిష్ బృందం తవ్వినప్పుడు బయటపడ్డ వందల సీళ్లలో ఎక్కువ వాటి వెనక ఇదే లెక్క: మూడు గీతలు, నాలుగు వృత్తాలు. బహ్రెయిన్‌లో కలాత్ అల్-బహ్రెయిన్ దిబ్బ దగ్గరా, సార్ అనే పాత ఊరి ఇళ్లలోనూ అదే. దక్షిణ మెసొపొటేమియాలోని సుమేరు వాళ్లు దిల్మున్ అని పిలిచిన దేశం ఈ తీరమే. ఆ దేశపు సీళ్లకు ఆ వీపు గుర్తింపు కార్డు లాంటి నియమం.

సింధు సీలు వీపు వేరు. చదరపు పలకకు మధ్యలో బుడిపె, దాని మీద ఒక్క గాడి, అడ్డంగా రంధ్రం. వృత్తాలు ఉండవు. అంటే లోథాల్ సీలు చెక్కినవాడు సింధు కార్ఖానాలో పని నేర్చినవాడు కాదు, దిల్మున్ పద్ధతిలో చెయ్యి తిరిగినవాడు. గుజరాత్‌లో ఎవరో చూసి చేసిన నకలు కావచ్చు కదా అని అడగొచ్చు. నకలు చేసేవాడు కనపడే వైపును చేస్తాడు. కనపడని వైపు గీతల సంఖ్యను, వృత్తాల సంఖ్యను కూడా పొల్లుపోకుండా దించాడంటే, అతను ఆ సంప్రదాయంలోనే ఉన్నవాడని అనుకోవడమే తేలిక.

రాయి విషయానికొస్తే, సింధు సీళ్లూ గల్ఫ్ సీళ్లూ రెండూ బలపపురాయితో చేసినవే. మన అనంతపురం జిల్లాలో తాడిపత్రి వైపు గనుల్లో తీసేది, పలకల మీద రాసే బలపాలు చేసేది ఈ జాతి రాయే. గోరుతో గీసినా గీత పడేంత మెత్తన. చెక్కడానికి హాయి, వాడటానికి పనికిరాదు. నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. అందుకే చెక్కాక కాలుస్తారు. 900 డిగ్రీల పైచిలుకు వేడికి రాయిలోని నీరు పోయి ఖనిజమే మారిపోతుంది, గట్టిపడుతుంది, పైపూతతో కలిసి తెల్లబడుతుంది. సీలు తెల్లగా, నున్నగా కనిపించేది అందువల్లే. ఈ కాల్చే విద్య సింధు ప్రాంతంలో చాలా పాతది. అది గల్ఫ్‌కు ఎలా చేరిందన్న ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే కేసులో అసలు రసం అక్కడే ఉంది.

బొమ్మ గురించి ఎక్కువ చెప్పను. జంతువులను జంటగా, ఎదురెదురుగా పెట్టడం, నడుమ ఖాళీ లేకుండా నింపడం ఫైలకా సీళ్లలో మామూలే. ఒక హెచ్చరిక మాత్రం. సీలు మీద కుడివైపు చూసే జంతువు ముద్రలో ఎడమవైపు చూస్తుంది. పుస్తకాల్లో కొన్ని చోట్ల సీలు ఫొటో, కొన్ని చోట్ల ముద్ర ఫొటో వేస్తారు, కింద చెప్పరు. పోలిక పట్టిక తయారుచేసేటప్పుడు ఏది ఏదో తేల్చుకోకుండా ‘ఇక్కడ జింక తల వెనక్కి తిరిగింది, అక్కడ ముందుకు’ అని రాసినవి కొన్ని వ్యాసాల్లో చూశాను. ఒకే పక్క నుంచి వెలుతురు పడిన ఫొటోలతో మరో ఇబ్బంది: గుంట గట్టులా, గట్టు గుంటలా కనిపిస్తుంది. ఇప్పుడు కెమెరాను కదపకుండా దీపాన్ని చుట్టూ తిప్పుతూ పదుల ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలిపే ఆర్‌టీఐ పద్ధతి వచ్చింది (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్; సమాచార హక్కు కాదు, అదీ అడిగితే బాగానే ఉంటుంది గానీ). ఉలి ఎటు నుంచి ఎటు నడిచిందో కూడా అందులో తెలుస్తుంది.

తేదీ ఎక్కడి నుంచి వచ్చింది

ఇక్కడ కేసు బలహీనం. ఈ సీలు తవ్వకంలో ఒక పొరలో, ఒక గదిలో, ఒక నేల మీద దొరికింది కాదు. దిబ్బ పైన, ఉపరితలంలో దొరికింది. కోర్టు భాషలో చెప్పాలంటే సాక్షి ఉన్నాడు గానీ ఎక్కడ నిలబడి చూశాడో చెప్పలేడు. గిడ్డంగిలో దొరికి ఉంటే ఒక కథ, ఇంట్లో దొరికి ఉంటే ఇంకో కథ, సమాధిలో అయితే మరో కథ. అవేవీ మనకు లేవు. దాని వయసును దాని పొర చెప్పదు కాబట్టి దాని చుట్టాలను అడగాలి.

చుట్టాల్లో పెద్దది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ సేకరణలో ఉన్న ఒక మట్టి పలక. దక్షిణ ఇరాక్‌లోని లార్సా రాజు గుంగునుమ్ పదో పాలనా సంవత్సరం నాటిది, సాధారణంగా వాడే కాలగణనలో క్రీ.పూ. 1923. అది వ్యాపార ఒప్పందం. దాని మీద గుండ్రటి గల్ఫ్ సీలు ముద్ర పడి ఉంది. హాలో, బ్యుకానన్ 1965లో దీన్ని ప్రకటించారు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే విలువైన మట్టిబెడ్డలు ఎక్కువ లేవు. మెసొపొటేమియాలో పత్రాల మీద దొర్లించేది స్తూపాకారపు సీలు. అక్కడ ఒక గుండ్రటి అచ్చు పడిందంటే ఒప్పందానికి కూర్చున్న వాళ్లలో ఒకరు తమ దేశపు సీలును తమ దేశపు పద్ధతిలోనే నొక్కారు, దాన్ని ఆ దేశపు లేఖకుడు ఒప్పుకున్నాడు అని అర్థం. పైగా తేదీ పలక మీదే రాసి ఉంది. ఇరాన్‌లోని సూసాలో కూడా గల్ఫ్ సీలు నొక్కిన పలక ఒకటి దొరికింది.

మూడు గీతలు, నాలుగు వృత్తాల వీపు ఉన్న సీళ్లు ఫైలకాలో, సార్‌లో సుమారు క్రీ.పూ. 2000 నుంచి 1800 దాకా ఉన్న పొరల్లో దొరుకుతాయి. దాన్ని బట్టి లోథాల్ సీలును క్రీ.పూ. 2000 తర్వాత, 1800 లోపు పెట్టడం న్యాయం. అంటే సింధు నగరాలు ఉచ్చస్థితిలో ఉన్న నడిమి కాలం కాదు, వాటి చివరి ఘట్టం, ఆ వెంటనే వచ్చిన కాలం. ఇది చాలామంది గమనించని సంగతి. ఈ సీలును చూపించి ‘హరప్పా వైభవ కాలంలో’ అని మొదలుపెట్టే ప్రతి వాక్యమూ ఒక నూరు రెండు నూర్ల ఏళ్లు వెనక్కి దూకుతోంది.

ఎక్కడో దొరికిన సీలు చుట్టరికంతో వయసు కట్టడం కొత్త విద్య కాదు. సింధు నాగరికత వయసు మొట్టమొదట తేలింది ఇలాగే. అప్పటి కేంద్ర పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ 1924 సెప్టెంబర్ 20న లండన్ చిత్రపత్రికలో హరప్పా, మొహెంజో-దారో సీళ్ల ఫొటోలు వేయించినప్పుడు వాటి కాలం ఆయనకూ తెలియదు. వారం తిరక్కుండానే సేస్ అనే పండితుడు సూసా వైపు వేలు చూపించాడు. కొద్ది రోజులకే బ్రిటిష్ మ్యూజియం పండితులు గాడ్, సిడ్నీ స్మిత్ సుమేరు పోలికలు పట్టుకొచ్చారు. ఇరాక్‌లో కిష్ తవ్వుతున్న మెకే తన దగ్గర అచ్చం అలాంటి సీలే దొరికిందని మార్షల్‌కు రాశాడు. క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందుది అనుకున్న నాగరికత ఒక్కసారిగా రెండు వేల ఏళ్ల వెనక్కి వెళ్లింది. కార్బన్ పరీక్షలు లేని రోజుల్లో, చేతిలో పట్టేంత రాళ్లు చేసిన పని అది.

గల్ఫ్ సీలు పుట్టిల్లు

గాడ్ ఆ పని అక్కడితో వదిలిపెట్టలేదు. దక్షిణ ఇరాక్‌లోని ఉర్ నగరంలో దొరికిన, భారతీయ శైలిలో ఉన్న సీళ్లను ఏరి 1932లో ప్రచురించాడు. అందులో చాలావరకు గుండ్రటివే. కొన్నింటి మీద సింధు లిపి, కింద తల వంచిన పొట్టికొమ్ముల ఎద్దు. ఒకదాని మీద మాత్రం ఎద్దు సింధు ఎద్దే, రాత మాత్రం మెసొపొటేమియా కీలాక్షరాలు. తర్వాత బహ్రెయిన్‌లోనూ ఇలాంటి తొలి తరం గుండ్రటి సీళ్లు దొరికాయి. వాటి వీపు ఇంకా మూడు గీతలు, నాలుగు వృత్తాల దశకు రాలేదు. ఎత్తైన బుడిపె, దాని మీద ఒకటో రెండో గాడులు. అంటే సింధు వీపుకు దగ్గర.

వరస ఇలా కడితే కథ అర్థమవుతుంది. మొదట చదరపు సింధు సీలు. తర్వాత గల్ఫ్‌లో గుండ్రటి సీలు, దాని మీద సింధు ఎద్దు, సింధు లిపి, సింధు రాయి, సింధు కాల్పు. ఆ తర్వాత లిపి పోయి, ఎద్దు పోయి, స్థానిక బొమ్మలతో, స్థానిక వీపుతో అసలు సిసలు దిల్మున్ సీలు. మెసొపొటేమియాకు కూతవేటు దూరంలో ఉండి కూడా బహ్రెయిన్ వాళ్లు స్తూపాకారపు సీలును తమదిగా చేసుకోలేదు. సముద్రం అవతలి నుంచి వచ్చిన నొక్కే సీలును ఎంచుకున్నారు. సీలు వేసే పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకుంటారు? ఎవరితో లెక్కలు చూసుకోవాలో వాళ్ల దగ్గర.

ఈ మాట ఒక్క సీళ్ల మీదే నిలబెట్టి ఉంటే నేను ఇంత ధీమాగా రాయను. తూకం కూడా అదే చెబుతోంది. కలాత్ అల్-బహ్రెయిన్‌లో తవ్విన పురావస్తు పరిశోధకుడు బిబ్బీ బృందానికి సింధు రకం తూకపు రాళ్లు దొరికాయి. లార్సా రాజుల కాలం నాటి ఉర్ పలక ఒకటి దిల్మున్ నుంచి వచ్చిన రాగి లెక్క చెబుతుంది. మొత్తం 18 టన్నులకు పైనే. ఆ లేఖకుడు దిల్మున్ తూకంలో ఎంతో, ఉర్ తూకంలో ఎంతో రెండూ రాశాడు. ఆ రెండు అంకెలను పోలిస్తే దిల్మున్ ‘మినా’ (ఆనాటి తూకపు ప్రమాణం) సుమారు 1.35 నుంచి 1.4 కిలోల మధ్య పడుతుంది. సింధు తూకపు రాళ్లలో బాగా వాడుకలో ఉన్న ప్రమాణం 13.65 గ్రాముల చుట్టూ ఉంటుంది. దానికి నూరు రెట్లు లెక్క కట్టుకోండి. తన గుమ్మంలో ఉన్న సుమేరు తూకాన్ని పక్కనపెట్టి దిల్మున్ సింధు తూకం వాడుతోంది. బొమ్మల పోలికలతో పుస్తకాలు నింపొచ్చు, ఎవరైనా కొట్టేయొచ్చు. తూకాల పోలికను కొట్టేయడం కష్టం.

లిపి దగ్గర మరో చిక్కు బయటపడుతుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఉర్‌లో, గల్ఫ్‌లో దొరికిన గుండ్రటి సీళ్ల మీద అక్షరాలు సింధువే గానీ, వాటి వరస సింధు నగరాల సీళ్ల మీద కనిపించే వరస కాదు. మనకు లిపి చదవడం రాదు, అయినా ఏ గుర్తు తర్వాత ఏది వస్తుందో లెక్క తెలుసు. ఆ లెక్క ఇక్కడ తప్పుతోంది. కొన్నింటి మీద మనిషి గుర్తు రెండుసార్లు పక్కపక్కన ఉంటుంది, స్వదేశంలో అలాంటి వరస చూడం. పార్పోలా వంటి పరిశోధకులు దీన్ని ఇలా అర్థం చేసుకున్నారు: సింధు లిపి నేర్చుకుని, వేరే భాషలోని పేర్లను రాసుకున్నవాళ్లు వీళ్లు. ఒప్పుకోదగిన మాటే. పరాయి ఊళ్లో స్థిరపడి, అక్కడి వాళ్లతో కలిసిపోయి, అక్కడి పేర్లు పెట్టుకున్న వ్యాపారులు ఈ రాళ్ల వెనక కనిపిస్తారు. లగాష్ ప్రాంతపు ఉర్ మూడో వంశం నాటి పలకల్లో మెలుహ్హా గ్రామం అని ఒక ఊరే ఉంది. అందులోని జనం పేర్లు చాలావరకు సుమేరు పేర్లే.

మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది ఒప్పుకున్నారు. మెసొపొటేమియాలోని అక్కాద్ రాజు సార్గాన్ మెలుహ్హా, మగన్ (ఒమాన్ వైపు), దిల్మున్ ఓడలను తన రేవులో కట్టించానని గొప్పగా చెప్పుకున్నాడు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో షు-ఇలిషు అనే వ్యక్తి స్తూపాకారపు సీలు ఉంది. దాని మీద అతని ఉద్యోగం రాసి ఉంది: మెలుహ్హా భాషకు దుబాసీ. దుబాసీ కావాలంటే అవతల మాట్లాడేవాడు ఉండాలి, అదీ ఉద్యోగం నడిచేంత తరచుగా. ఈ ఒక్క వాక్యం కోసం నేను పది దిగుమతి పూసలు వదులుకోవడానికి సిద్ధం. అయితే ఆ సీలు పాత ప్రైవేటు సేకరణ నుంచి వచ్చింది, ఎక్కడ తవ్వారో లేదు. లోథాల్ సీలుకు ఉన్న జబ్బే దానికీ ఉంది. కాకపోతే దాని మీద రాత ఉంది, దీని మీద లేదు.

అయితే లోథాల్‌కు తెచ్చింది ఎవరు?

ఇప్పుడు మన సీలు దగ్గరికి. నాలుగు దారులున్నాయి. దిల్మున్ వ్యాపారి స్వయంగా వచ్చి పోగొట్టుకున్నాడు. గుజరాత్ వ్యాపారి బహ్రెయిన్‌లో కొన్నేళ్లు ఉండి, అక్కడ వ్యవహారానికి ఆ సీలు చేయించుకుని, తిరిగొచ్చాడు. ఎవరో తాయెత్తుగానో ముచ్చటగానో తెచ్చుకున్నారు. లేదా నాలుగు చేతులు మారి వచ్చింది.

తాయెత్తు సంగతి తేలిగ్గా తీసిపారేయలేం. వాడుక నుంచి తప్పుకున్న సీళ్లు పూసలుగా మెడల్లో తిరగడం ప్రపంచమంతా ఉంది. తేల్చాలంటే రంధ్రం అంచులు, బుడిపె అరుగుదల, ముందు వైపు గాట్లలో మట్టి ఇరుకుందా లేదా చూడాలి. తాడు రాపిడికి రంధ్రం ఒక పక్కకు సాగిందంటే ఏళ్ల తరబడి వేలాడింది. ముందు గీతల పదును పోయి వీపు బాగుంటే ఎక్కువగా నొక్కారు. ఉపరితలంలో దొరికిన వస్తువుకు వాన, ఎండ, నాగలి అరుగుదల కూడా తోడవుతుంది కాబట్టి ఈ పరీక్షను జాగ్రత్తగా చెయ్యాలి.

మొదటి రెండు దారుల మధ్య నేను దిల్మున్ వ్యాపారి వైపు కొంచెం మొగ్గుతాను. కారణం మళ్లీ తేదీయే. క్రీ.పూ. 2000 తర్వాత మెసొపొటేమియా వ్యాపార పత్రాల్లోంచి మగన్, మెలుహ్హా పేర్లు మాయమవుతాయి. ఉర్ వ్యాపారులు దిల్మున్ దాకా మాత్రమే వెళ్తారు, రాగి, దంతం, ఎర్ర రాళ్లు అన్నీ అక్కడే కొంటారు. నాసిరకం రాగి అంటగట్టాడని నన్ని అనే కొనుగోలుదారు చేత మట్టి పలక మీద తిట్లు తిన్న ఏయా-నాసిర్ ఈ దిల్మున్ బేరగాళ్లలోనివాడే. ఆ తిట్ల పలక ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ చుట్టమైంది. అంటే ఆ కాలంలో నడుమ నిలబడి రెండు వైపులా బేరం చేసింది దిల్మున్. క్రీ.పూ. 2300 నాడు ఇదే సీలు లోథాల్‌లో దొరికి ఉంటే ఆశ్చర్యపోవాలి. 1900 నాడు దొరకడం ఆ కాలపు గాలికి సరిపోతుంది.

గుజరాత్ వ్యాపారి దారి మూసుకుపోలేదు. మొహెంజో-దారోలోనూ కొన్ని గుండ్రటి సీళ్లు ఉన్నాయి. వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నారు. ఈనాడు కువైట్ నుంచి కడపకో, మనామా నుంచి కరీంనగర్‌కో తిరిగొచ్చినవాళ్ల జేబుల్లో అక్కడి గుర్తింపు కార్డు ఉంటే వాళ్లను అరబ్బులని ఎవరూ అనరు.

సరుకు ఏది?

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. పైన చెప్పినట్టు సీలు మనిషిని చూపిస్తుంది. సరుకును చూపించేది ముద్ర. లోథాల్‌లో ముద్రలున్నాయి, అరవైకి పైగా. రావు గిడ్డంగి అని గుర్తించిన మట్టి ఇటుకల దిమ్మెల నడుమ, అగ్నిప్రమాదంలో కాలి గట్టిపడి మిగిలాయి. కాలకపోతే ఆ మట్టిబిళ్లలు ఎప్పుడో కరిగిపోయేవి. వాటి వెనక వైపు తాడు ముడులు, చాప అల్లిక, గుడ్డ నేత అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. కొన్నింటి మీద ఒకటి కంటే ఎక్కువ సీళ్లు నొక్కారు. మూట కట్టినవాడు, చూసినవాడు, ఒప్పుకున్నవాడు అందరూ అక్కడే ఉన్నారన్నమాట. సింధు నాగరికతలో సీలు అసలు దేనికి వాడారో ఇంత స్పష్టంగా చూపించిన చోటు ఇంకొకటి లేదు. గుండ్రటి సీలుకు ఇచ్చిన ప్రచారంలో పదో వంతు ఈ మట్టిబిళ్లలకు ఇచ్చి ఉంటే బాగుండేది.

ప్రచురితమైన ఆ ముద్రల్లో ఉన్నవి సింధు సీళ్ల అచ్చులు. గల్ఫ్ గుండ్రటి అచ్చు పడిన మట్టి మూటల నుంచి ఊడి అక్కడ రాలి ఉంటే, దిల్మున్‌లో సీలు వేసిన సరుకు లోథాల్‌లో విప్పారు అని గుండె మీద చెయ్యి వేసుకుని రాయొచ్చు. అది లేదు. సరిగ్గా దానికి తిరగేసిన ఉదాహరణ మాత్రం ఇరాక్ వైపు ఉంది. ఉమ్మాలో దొరికిందని చెప్పే ఒక మట్టిబిళ్ల మీద ఒంటికొమ్ము జంతువుతో సింధు సీలు ముద్ర, వెనక గుడ్డ నేత గుర్తులు. షేల్ 1925లో ప్రకటించాడు. సింధు సీలు వేసిన మూట ఒకటి సుమేరు నడిబొడ్డున విప్పారనడానికి అంతకంటే నేరుగా చెప్పే వస్తువు దొరకదు. దుకాణదారు చేతి మీదుగా వచ్చిన వస్తువు కావడమే దాని లోపం.

ఓడరేవు సంగతి ఈ కేసులో కలపకూడదని నా పట్టు. లోథాల్ తూర్పు పక్కన సుమారు 215 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పున కాల్చిన ఇటుకలతో కట్టిన కొలను ఉంది. రావు దాన్ని ఓడలు నిలిపే చోటు అన్నారు. లెష్నిక్ 1968లో అది సాగునీటి చెరువు కావచ్చని వాదించాడు. ఐఐటీ గాంధీనగర్ బృందం 2024లో ఉపగ్రహ చిత్రాల సాయంతో సబర్మతి పాత పాయ లోథాల్ పక్క నుంచే పారేదని చూపించింది. రేవు వాదానికి అది బలమే. కానీ ఆ వాదనను నీరు, ఒండ్రు మట్టి, పాయల దారి తేల్చాలి. బొత్తాం అంత సీలు తేల్చదు. కొలను రేవు కాదని రేపు తేలినా గల్ఫ్ సీలు గల్ఫ్ సీలే. రేవేనని తేలినా ఈ సీలు ఓడ దిగిందని రుజువు కాదు. కచ్‌లోని మరో సింధు నగరం ధోలావీరాలో దిగి బండి మీద రావచ్చు.

అందుకే నా పట్టికలో ఈ కేసును ఇలా నమోదు చేశాను. చేసిన చోటు, దిల్మున్ సంప్రదాయం: గట్టిది. కాలం, క్రీ.పూ. 2000–1800: బాగానే నిలుస్తుంది, పోలిక ద్వారా మాత్రమే. సంపర్కం: నిస్సందేహం. తెచ్చినవాడు దిల్మున్ మనిషి: మొగ్గు. లోథాల్‌లో వ్యవహారానికి వాడారు: ఆధారం లేదు.

రాయి మీద మాత్రం ఇంకా పని మిగిలి ఉంది. బహ్రెయిన్‌లో బలపపురాయి దొరకదు, ప్రతి సీలు రాయీ బయటి నుంచి రావాల్సిందే. హరప్పా రాళ్ల మూలాల మీద ర్యాండాల్ లా అనే పరిశోధకుడు చేసిన పని చూపించిందేమిటంటే, అక్కడి బలపపురాయిలో ఎక్కువ భాగం ఉత్తర పాకిస్తాన్‌లోని హజారా వైపుది. ఇలాంటి పరీక్షకు ఇప్పుడు పిసరంత పొడి చాలు, కొన్ని పరికరాలతో ముట్టుకోకుండా కూడా కొంత చెప్పొచ్చు. లోథాల్ సీలునూ, ఫైలకా సీళ్లు కొన్నింటినీ, గుజరాత్, రాజస్థాన్, ఒమాన్ గనుల రాళ్లనూ ఒకే పరికరం కింద పెట్టాలి. రాయి గుజరాత్‌దై, వీపు దిల్మున్‌దైతే, ఆ చెక్కినవాడు ఎక్కడ కూర్చుని చెక్కాడన్న ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. నకలు వాదాన్ని నేను పైన కొట్టేసిన చోట కూడా అప్పుడు గీత గీయాల్సి వస్తుంది.